సగం పొదుగు

ఆ పొద్దున సోమయ్య అనుకున్న పని ఒక్కటే. ఈనిన ఆవు పొదుగులో సగం పాలు అలాగే ఉంచాలి. నిరుడు ఇంకో ఆవు ఈనిన రోజే మొత్తం పిండి ఊరంతా జున్నుపాలు పంచాడు. సాయంత్రానికి ఆ ఆవుకు పాలజ్వరం వచ్చింది. పేరుకే జ్వరం, ఒళ్లు చల్లబడి ఆవు మళ్లీ లేవలేదు. అందుకే పశువుల డాక్టరు మనీషా ఈసారి ముందే చెప్పింది.

"ఈనంగనే మొత్తం పిండకు సోమన్నా. ఒంట్ల ఉన్న కాల్షియమంతా పాలల్లకు పోతది. దూడకు సరిపోయేంత తియ్యి, ఆవుకు కాల్షియం తాపు."

విమానాశ్రయం గోడ పక్క ఊరది. విమానాలు ఆలస్యంగా దిగుతాయేమో గాని, ఆవు ఈనిన కబురు ఆగదు. తెల్లారేసరికి వాకిలి నిండా గిన్నెలు. ఒకరికి పోసి ఒకరికి లేదంటే పగ, అందరికీ లేదంటే పిసినారి. సోమయ్య ఒక చిన్న అబద్ధం ఆడాడు.

"పాలు దిగలే అక్కా. ఆవు పరేషాన్ల ఉన్నది."

వచ్చినవాళ్లు తిరిగి పోతే బాగుండేది. జాలిపడ్డారు. పక్కింట్లో కిరాయికుండే శాంతకుమారి, "అయ్యో, మా వైపు ఇలాంటప్పుడు బెల్లం పెడతారండీ" అంటూ బెల్లం తెచ్చింది. ఎదురింటి పాండు దిష్టి తీశాడు. అంతటితో ఆగక, పాలు పిండటంలో చెయ్యి తిరిగిన సోమయ్య అత్తకు దగ్గర్లోని కందుకూరుకు ఫోన్ కొట్టాడు.

సోమయ్య కాల్షియం సీసా కోసం శంషాబాద్ పోయి వచ్చేసరికి అత్త కొండమ్మ పొదుగు కింద కూర్చుని ఉంది. చుట్టూ నిండిన గిన్నెలు, నవ్వు ముఖాలు. అబద్ధమని చెబితే మొగుడి పరువు పోతుందని భార్య సత్తెమ్మ నోరు మెదపలేదు.

"దిగలేదంటివి గదా అల్లుడా," అంది కొండమ్మ. "నా చెయ్యి పడంగనే ధారలే. ఒక్క చుక్క ఇడువలే."

సోమయ్యకు ఏడుపొచ్చింది. అత్తను తిట్టలేడు, ఊరిని తిట్టలేడు. తన నోటినే తిట్టుకుంటూ సీసెడు మందు తాపాడు. అయినా పొద్దు వాలేసరికి ఆవు చెవులు చల్లబడ్డాయి, మెడ పక్కకు వాల్చి కూలబడింది. నిరుటి ఆవూ ఇట్లాగే వాల్చింది. దాని తల ఒళ్లో పెట్టుకుని, "ఇగ అయిపోయింది సత్తెమ్మా" అన్నాడు.

సత్తెమ్మ ఫోన్ చేస్తే మనీషా ఉరుకుతూ వచ్చి నరానికి కాల్షియం ఎక్కించింది. చాలాసేపటికి ఆవు వణుకుతూ లేచి నిలబడి, పేడ వేసింది. సోమయ్య ఆ పేడకే దండం పెట్టాడు.

మనీషా చేతులు కడుక్కుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సోమన్నా, మా అమ్మ అడగమన్నది. జున్నుపాలు గిట్ల జర మిగిలినయా?"

ఈసారి కూలబడింది సోమయ్య.