సాయంత్రం దాకా పిన్ని

ఉద్యోగస్తుల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సంరక్షణ కేంద్రాల్లో ఈ నెలాఖరుకి ఒక్క అనర్హుడు కూడా మిగలకూడదని మంత్రిగారు ప్రకటించారు. ఆ సమయానికి అనర్హులు చాలామంది నోట్లో వేలేసుకుని నిద్రపోతున్నారు.

మా ఆఫీసరుగారి దీక్ష గొప్పది. మర్నాడే నన్నూ, నిబంధనల కాగితాన్నీ వెంటబెట్టుకుని ఒక కేంద్రానికి వెళ్లారు. గదిలో పన్నెండుమంది పిల్లలు, ఒక ఆయా. అందరూ ఆమెను "పిన్నీ" అంటున్నారు.

"వీళ్లలో మీ పిల్ల కూడా ఉందటగా?"

"ఉందండి. బొమ్మ చెవి కొరుకుతోందే, అదే."

"అదీ పిన్నీ అంటోందేం?"

"అమ్మా అంటే మిగతావాళ్లకి వాళ్లమ్మలు గుర్తొచ్చి ఏడుస్తారండీ. సాయంత్రం గుమ్మం దాటేదాకా ఆపుకుంటుంది."

ఆఫీసరుగారి ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే నిబంధనల కాగితం వైపు చూపు తిప్పుకున్నారు. దయ కలిగినప్పుడల్లా అలాగే చేస్తారు.

"సొంత పిల్లను చూసుకోవడం ఉద్యోగం కాదమ్మా."

"తక్కిన పదకొండుమందీ?"

"వాళ్లను చూస్తూ దీన్ని చూడ్డం లేదా?"

"చూడకుండా ఎలా ఉంటానండీ!"

"ఒప్పుకుంది. ఉద్యోగం లేనట్టే, కాబట్టి పిల్ల అనర్హురాలు. రాసుకోవయ్యా."

రాసుకున్నాను.

"మరి దీన్నెక్కడ వదిలి పనికి రానండీ?"

"అందుకే కదమ్మా ప్రభుత్వం కేంద్రాలు పెట్టింది!"

మర్నాడు పాప ఇంట్లో ఉండిపోయింది. దాంతో పిన్నీ ఉండిపోయింది. కేంద్రానికి తాళం పడింది. పదకొండుమంది తల్లులు పనులు మానుకున్నారు. పని లేనివాళ్లు అర్హులు కారు. వారంలో జాబితా ఖాళీ. మంత్రిగారు పరవశించి, ప్రశంసాపత్రం ఇచ్చి, ఈ పద్ధతిని అన్ని కేంద్రాల్లోనూ అమలు చేయించారు.

సోమవారం ఆఫీసరుగారు రెండేళ్ల కొడుకును చంకనేసుకుని ఆఫీసుకు వచ్చారు. వాడు వెళ్లే కేంద్రానికీ తాళం పడిందట. భార్య ఆస్పత్రిలో నర్సు, సెలవు దొరకలేదట. బల్ల మీద కూర్చోబెట్టగానే అబ్బాయి రాగం ఎత్తుకున్నాడు.

"ఆ ఆయాకి ఫోన్ చెయ్యవయ్యా, ఒక్క పూట వచ్చి చూస్తుంది."

చేశాను. "నేనొస్తే దీన్నెవరు చూస్తారండీ?" అంది. వెనకనుంచి "అమ్మా! అమ్మా!" అని వినిపిస్తోంది. పాప ఇప్పుడు ఆపుకోవడం లేదు.

ఫోన్ పెట్టేసి హాజరుపట్టీ తెరిచాను.

"సార్, సొంత పిల్లవాణ్ణి చూసుకుంటున్నారు కదా. ఇవాళ మీరు ఉద్యోగంలో ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన ముఖం మెత్తబడింది. అలవాటుగా బల్ల మీది నిబంధనల కాగితం వైపు చూపు తిప్పారు.

అబ్బాయి దాన్ని నములుతున్నాడు.