ఆర్డిస్ గుట్టకు పార్కింగ్ యోగం

గడ్డి చాలా నిస్సహాయమైన ప్రాణి. దాని మానాన దాన్ని వదిలేస్తే ఏమైపోతుందో ఎవరికీ తెలియదు. మంచుయుగం ముగిసి మంచుగడ్డలు కరిగినప్పటి నుంచి ఇప్పటిదాకా అది ఎలా బతికి బట్టకట్టిందో అసలే తెలియదు. పక్కన ఒక బోర్డు లేదు. చుట్టూ రెయిలింగ్ లేదు. చూడవచ్చినవాళ్ళు కారు ఆపుకోవడానికి జానెడు సిమెంటు లేదు. ఇంత అనాథలా పడి ఉన్న గడ్డిని చూసి మనసున్నవాడెవడైనా ఊరుకుంటాడా, మీరే చెప్పండి!

అందుకే మా పశ్చిమ మిన్నెసోటాలో కమిటీలు పుట్టాయి. కమిటీ ఎంత గొప్ప వరమో ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు ఆర్డిస్ ఫోసమ్ గుట్టకు జరిగింది వినాలి.

ఆర్డిస్ డెబ్బై దాటిన మనిషి. భర్త హార్లన్ పోయాక సోయా చేలు కౌలుకిచ్చేసింది గానీ, ఇంటి వెనకాల గుట్టను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ గుట్ట మీద ఎన్నడూ నాగలి నడవలేదు. భక్తి వల్ల కాదు, రాళ్ళ వల్ల. హార్లన్ తాత మొదటి చాలులోనే నాగలి విరగ్గొట్టుకుని, నార్వేజియన్‌లో నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి గుట్టను వదిలేశాడట. చుట్టుపక్కల పూజలందుకున్న నేలంతా మొక్కజొన్నయిపోయింది. తిట్లు తిన్న గుట్ట ఒక్కటే ప్రెయిరీగా, అంటే దున్నని పాతకాలపు గడ్డినేలగా మిగిలింది.

గుట్ట దిగువన స్టేట్ పార్కు, అందులో ఒకదాని పక్కన ఒకటిగా సరస్సులు. పార్కును విస్తరించాలని సరస్సుల మిత్రమండలివారు చాలాకాలంగా తపస్సు చేస్తున్నారు. ఆ మండలికి అధ్యక్షుడు లైల్ బ్రాండ్‌వోల్డ్, ఆర్డిస్‌తో కలిసి చదువుకున్నవాడు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక, క్రమశిక్షణలో పెట్టడానికి పిల్లలు దొరక్క, ప్రకృతి మీద పడ్డాడు. మనిషి మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే వీలు దొరక్కపోవచ్చు.

తన తర్వాత గుట్ట ఎవరి పాలవుతుందోనని ఆర్డిస్‌కు బెంగ. పక్కనున్న ఊస్ట్‌బీవాళ్ళ గుట్టను కంకర కోసం సగం తవ్వేశారు. వంటింటి కిటికీలోంచి రోజూ ఆ గాయమే కనిపిస్తుంది. అందుకని ఒకరోజు లైల్‌ని పిలిచి, గుట్టను పార్కుకు ఇచ్చేస్తానంది. ఉన్నది ఉన్నట్టు ఉంచితే చాలు, ఇంకేమీ అక్కర్లేదంది.

లైల్ కళ్ళు చెమర్చాయి. మర్నాడే వాళ్ళావిడ చేసిన రూబార్బ్ బార్లు, పుల్లటి కాడలతో చేసే మిఠాయి, పళ్ళెం నిండా పట్టుకొచ్చాడు. "నువ్వింక నిశ్చింతగా ఉండు ఆర్డిస్. దాన్ని మేం కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాం" అన్నాడు.

చూసుకోవడం మొదలైంది. ఇంత త్యాగం చేసిన మనిషి పేరు లోకానికి తెలియొద్దా? బోర్డు కావాలి. బోర్డు గుట్ట మీద ఉంటే చదివేదెవరు? దారి కావాలి. దారి ఉన్నాక ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు రారా? వస్తే కార్లెక్కడ పెడతారు? పార్కింగ్ కావాలి. ఇంతమంది వచ్చాక కడుపులో కాఫీ ఊరుకుంటుందా? టాయిలెట్లు కావాలి. టాయిలెట్లకు కరెంటు. కరెంటు ఎలాగూ వచ్చింది కాబట్టి, వేసవిలో బళ్ళు వేసుకొచ్చి మకాం పెట్టేవాళ్ళకు ప్లగ్గు పాయింట్లు. గడ్డిని పైనుంచి చూడటానికి చెక్కతో ఒక చూపుల మంచె.

ఇందులో ఏ ఒక్కటి తప్పో వేలు పెట్టి చూపించండి చూద్దాం. చూపించలేరు. ఆర్డిస్ కూడా చూపించలేకపోయింది. లైల్ చెప్పిన ప్రతిదానికీ తలూపుతూనే ఉంది. ఒకరోజు చూస్తే గుట్ట నిండా కొలతల కర్రలు, వాటికి గులాబీరంగు రిబ్బన్లు. గాలికి రెపరెపలాడుతూ పుట్టినరోజు పండక్కి ముస్తాబు చేసినట్టున్నాయి. ఆ రోజంతా ఆమెకు తిండి సయించలేదు.

మార్చి చివర్లో లూథరన్ చర్చి కింది హాల్లో మీటింగు పెట్టారు. మావైపు మీటింగంటే కాఫీ, హాట్‌డిష్ అని అన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టే వంటకం, ఎవరినీ నొప్పించకుండా ఇంటికెళ్ళిపోవడం. టెస్సా అనే ప్లానర్ రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ నుంచి వచ్చి, గోడకు పెద్ద మ్యాపు తగిలించింది. అంతా రంగురంగులుగా ముద్దొస్తోంది. ఆర్డిస్ కళ్ళజోడు సవరించుకుని దాని దగ్గరికెళ్ళి చాలాసేపు చూసింది.

"ఇందులో గడ్డెక్కడుందమ్మా?" అని అడిగింది.

టెస్సా సంతోషంగా పార్కింగ్ మధ్యలో ఉన్న చిన్న చిన్న పచ్చ గుండ్రాలు చూపించింది. "ఇవండీ ఆర్డిస్ గారూ. ఇవన్నీ ప్రెయిరీ మళ్ళే. మొక్కలు నర్సరీ నుంచి తెప్పిస్తాం. ప్రతిదానికీ పేరు రాసి పెడతాం."

"ఇప్పుడక్కడ ఉన్నవో?"

"అవి కన్‌స్ట్రక్షన్‌లో పోతాయండి. కానీ అచ్చం అవే మళ్ళీ నాటుతాం."

హాల్లో ఎవరో స్పూన్ కింద పెట్టారు. పార్కింగ్‌కి కంకర ఎక్కణ్ణుంచి తెస్తారని ఆర్డిస్ అడిగింది. రవాణా ఖర్చు కలిసొచ్చేలా పక్కనే ఉన్న ఊస్ట్‌బీ గుట్ట నుంచేనని లైల్ గర్వంగా చెప్పాడు. అంటే ఒక గుట్టను కాపాడటానికి ఇంకో గుట్టను తవ్వి దీని మీద పరుస్తారన్నమాట. ఇంతకన్నా సమానత్వం ఎక్కడైనా ఉంటుందా!

ఆర్డిస్ మ్యాపు వైపే చూస్తూ, "బాగా డిఫరెంటుగా ఉంది" అంది.

మావైపు వంటకాన్ని ఆ మాటన్నారంటే కుక్క కూడా ముట్టదని అర్థం. టెస్సా ఊరికి కొత్త, థాంక్స్ చెప్పింది. లైల్‌కి అర్థమైంది గానీ, అర్థం కానట్టు కాఫీ పోసుకున్నాడు.

అప్పుడు ఆర్డిస్ అందరికీ వినపడేలా ఇంకో మాట చెప్పింది. గుట్ట ఇంకా నా పేరనే ఉంది, దాన్ని కాల్చే ఏడు ఇది. హార్లన్ ఉండగా కొన్నేళ్ళకోసారి వసంతంలో కాల్చేవాళ్ళు. కాల్చకపోతే దేవదారు పొదలు గడ్డిని మింగేస్తాయి. కాబట్టి ఏప్రిల్లో గాలి కుదరగానే కాలుస్తాను, మీ కర్రలు మీరు తీసుకెళ్ళండి అంది. చెక్క మంచె వచ్చాక ఇక కాల్చడానికి ఉండదని టెస్సా మర్యాదగా గుర్తు చేసింది. ఆర్డిస్ అంతకన్నా మర్యాదగా, "మంచె ఇంకా రాలేదుగా" అంది. అందరూ నవ్వారు. కర్రలు తియ్యడానికి మాత్రం ఎవరూ రాలేదు.

హార్లన్ తమ్ముడు నోరిస్ ఊరి అగ్నిమాపక దళంలో ఉన్నాడు. పర్మిషన్ తీసుకుని, నీళ్ళ ట్యాంకులతో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుట్ట చుట్టూ తడి చేశాక, అగ్గి చేతికిచ్చే ముందు, "వదినా, బాగా ఆలోచించుకున్నావా? అన్నయ్య లేకుండా ఇదే మొదటిసారి" అన్నాడు.

ఆమె అగ్గి అందుకుంది. అంచు గడ్డికి తనే నిప్పంటించింది.

మంట చిటపటలాడుతూ గుట్ట ఎక్కింది. రిబ్బన్లు ముందు ముడుచుకున్నాయి, తర్వాత కర్రలు అంటుకున్నాయి. పార్కింగ్ తగలబడింది, టాయిలెట్లు తగలబడ్డాయి, ప్లగ్గు పాయింట్లు ఒకదాని తర్వాత ఒకటి తగలబడ్డాయి. పొగ చూసి లైల్ కారులో వచ్చేసరికి గుట్ట నల్లటి బోర్లించిన మూకుడులా ఉంది.

"ఎంత పని చేశావు ఆర్డిస్! మేం కాపాడదామనుకుంటే నువ్వు తగలబెట్టావా?"

"చెప్పే చేశాను కదా లైల్."

"చెప్తే మాత్రం? నిజంగా చేస్తావనుకున్నామా?"

ఆ వారం పేపర్లో లైల్ వ్యాసం వచ్చింది. ఒకరి మొండితనం వల్ల ప్రకృతికి తీరని నష్టం జరిగిందని రాశాడు. చర్చిలో జనం ఆర్డిస్‌తో ఎప్పటిలాగే వాతావరణం గురించి మాట్లాడారు, కాకపోతే కొంచెం తొందరగా ముగించారు. ఇంటికొచ్చి కిటికీలోంచి నల్లటి గుట్టను చూస్తే ఆమెకే గుండె జారిపోయేది. ఎన్నోసార్లు చూసిందే. అయినా ఇదివరకు పక్కన నిలబడి, కంగారు పడకు వస్తుందిలే అనే మనిషొకడు ఉండేవాడు.

వచ్చింది. బూడిదలోంచి ముందు లేత ఊదారంగు పూలు తలెత్తాయి, ఒళ్ళంతా నూగుతో, చలికి స్వెట్టరు వేసుకున్నట్టు. ఆ వెనకే గడ్డి. జూన్ నాటికి గుట్టంతా గులాబీరంగు పూలకుచ్చులు, గాలి వీస్తే మళ్ళీ పొగ లేచినట్టుంది. కబురు ఊళ్ళు దాటింది. జనం రోడ్డు పక్కన గడ్డి అంచున కార్లాపుకుని, కాళ్ళతో నడిచి పైకెక్కారు. కాళ్ళకి ఆ సామర్థ్యం ఉందని కమిటీవారి లెక్కలో లేదు పాపం!

లైల్ కూడా వచ్చాడు. సగం దూరం ఎక్కి, ఆయాసంతో టోపీ తీసి, పూలకుచ్చుల వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "మోకాళ్ళు నొప్పి ఆర్డిస్. కనీసం ఒక్క బెంచీ అయినా వేసుకోనిస్తావా?" అన్నాడు.

"రాళ్ళున్నాయిగా, కూచో" అంది. కూర్చున్నాడు. ఆమె కూడా పక్కనే ఇంకో రాయి మీద కూర్చుంది.

ఆ శరదృతువులో ఆర్డిస్ గుట్టను రాష్ట్రానికే నేరుగా ఇచ్చేసింది. రోడ్డు, కట్టడం, కరెంటు ఎన్నటికీ రాకూడదని, కొన్నేళ్ళకోసారి కాల్చి తీరాలని షరతు. పార్కు విస్తరించింది. విస్తరించినచోట చూపించడానికి ఏమీ లేదని కమిటీవారికి తల కొట్టేసినట్టయింది.

మీరు దిగులుపడకండి. అంత మంచి ప్లాను వృథా పోలేదు. ఈ ఏడు మండలివారి కరుణ గుట్ట దిగువన ఉన్న చిన్న సరస్సు మీద పడింది. దాన్ని కాపాడటానికి పడవల రేవు, ఎనిమిది వరసల పార్కింగ్, ఒడ్డు పొడుగునా దీపాలు సిద్ధమవుతున్నాయి. మ్యాపు ఆర్డిస్‌కు కూడా చూపించారు. ఆమె మళ్ళీ డిఫరెంటుగా ఉందంది గానీ, ఈసారి ఎవరూ కంగారుపడలేదు.

నీళ్ళకు నిప్పంటించడం ఆర్డిస్ వల్ల కూడా కాదు కదా!