ఉబ్బని ప్యాకెట్లు

పక్కన ఎవరైనా కోప్పడితే సాత్విక ఆహారం ప్యాకెట్లు ఉబ్బిపోతాయన్న సంగతి తాడేపల్లిగూడెంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే కంచుమర్తి సోమలింగం ఆ సరుకుకి డిస్ట్రిబ్యూటర్‌గా దరఖాస్తు పెట్టుకున్నాడని తెలిసినప్పుడు, పెట్టుబడి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. "మరి నూకరత్నంగారి సంగతేంటండీ?" అనే అడిగారు.

నూకరత్నం సోమలింగం భార్య. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ నోరు పెద్దది. కుళాయి వదిలేవాడు వాళ్ళ వీధికి నీళ్ళు తగ్గించాడంటే చీర కొంగు బిగించి వాడి ఇంటికే పోయేది. ఆవిడ వరసలో కనిపిస్తే చాలు, రేషన్ కొట్టాయన తూకం దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. వీధివాళ్ళు చాటున ఆవిడని గయ్యాళి అనేవాళ్ళు. తీరా తమకి కష్టమొస్తే "పిన్నిగారూ, మీరొకసారొచ్చి నాలుగు మాటలనండి" అని బతిమాలి తీసుకెళ్ళేవాళ్ళు. సోమలింగం ఇందుకు పూర్తిగా విరుద్ధం. పిల్లి గిన్నె పడేసినా ఉలిక్కిపడే మనిషి.

అతను ఉల్లిపాయల మార్కెట్లో ఒకే షావుకారు దగ్గర గుమాస్తాగా పనిచేస్తూ వచ్చాడు. షావుకారు కొడుకులు పంపకాలు చేసుకుని కొట్టు మూసేశాక, ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారన్న బెంగతో అతనికి తిండి సయించలేదు. కూతురు హారిక పాలిటెక్నిక్ చదువు ఇంకా పూర్తికాలేదు. సాత్విక కంపెనీ ఊరికో డిస్ట్రిబ్యూటర్‌ని వెతుకుతోందని తెలిసి, ఒంటికి పట్టిన ఉల్లి వాసన పోవడానికి మూడుపూటలా శనగపిండి రుద్దుకుని మరీ ఇంటర్వ్యూకి వెళ్ళాడు.

కంపెనీ ఏరియా మేనేజరు త్రివిక్రమరావు చాలా మెత్తగా మాట్లాడే మనిషి. "ఉల్లి వాసన మాకు సమస్య కాదండీ, స్నానం చేస్తే పోతుంది. కోపం అలా పోదు" అన్నాడు. తర్వాత ఒక రాగిలడ్డూల ప్యాకెట్టు సోమలింగం ఒళ్ళో పెట్టి, అతన్ని బయట వరండాలో పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాడు. నీళ్ళు కూడా ఇవ్వలేదు. ప్యాకెట్టు ఉబ్బలేదు. లోపల సోమలింగం గుండె దడదడలాడుతూనే ఉంది, కానీ భయానికి ప్యాకెట్లు ఉబ్బవు. భయం సాత్వికమేనని కంపెనీ ల్యాబువాళ్ళు ఎప్పుడో తేల్చారు.

డిస్ట్రిబ్యూటర్‌షిప్ వచ్చింది. ఇంటి ముందుగదిని గోడౌను చేశారు. ఉల్లీ వెల్లుల్లీ లేని సాంబారు పొడి, అటుకుల మిక్చరు, నేతి పప్పుచెక్కలు, అన్నీ అట్టపెట్టెల్లో పైకప్పు దాకా సర్దారు. సరుకు దిగిన రోజున నూకరత్నం మొగుడి మీద ప్రేమ కొద్దీ ఒక పని చేసింది. ఎండుమిరపకాయలూ గళ్ళుప్పూ గుప్పిట్లో పట్టుకుని, ఆ పెట్టెలకి దిష్టి తీసింది.

దిష్టి తీసేటప్పుడు ఊరికే చెయ్యి తిప్పరు కదా. "ఇరుగు కళ్ళు, పొరుగు కళ్ళు, ఎదురింటి కళ్ళు పేలిపోనూ! మా ఆయన నాలుగు మెతుకులు సంపాయించుకుంటుంటే ఓర్వలేని ముండల కళ్ళు మండిపోనూ!" అని నూకరత్నం మనస్ఫూర్తిగా తిట్టింది. తిడుతుండగానే పెట్టెలు కరకరలాడాయి. లోపల ప్యాకెట్లన్నీ దిండ్లలా ఉబ్బి, అట్టలు పగిలి, ముందుగది గుమ్మం దాకా దొర్లుకొచ్చాయి.

సోమలింగం గోడకి చేరబడిపోయాడు. "అయ్యో రత్నం, ఎంత పని చేశావే!"

"నేనేం చేశానండీ? దిష్టి తియ్యడం కూడా తప్పేనా?" అంది ఆవిడ, నిజంగానే అర్థంకాక.

త్రివిక్రమరావు మర్నాడే వచ్చాడు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "దిష్టి తియ్యడంలో తప్పులేదమ్మా. తిట్టడంలో ఉంది" అన్నాడు. ఇలాంటి ఇళ్ళకి కంపెనీ దగ్గర ఒక ఏర్పాటుందన్నాడు. ప్యాకెట్టు ఉబ్బినప్పుడు కోపాన్ని లోపలికి లాగేసుకుంటుంది, ఆ కాసేపు మనిషి చల్లబడతాడు. ఒక మనిషి చుట్టూ సరిపడా ప్యాకెట్లు పేర్చి, ఉబ్బినవి తీసేస్తూ కొత్తవి పెడుతూ పోతే, ఎప్పుడో ఒకప్పుడు లోపల ఏమీ మిగలదు. దాన్ని శుద్ధి అంటారు. ఉబ్బిన ప్యాకెట్లు వృథాగా పోవు, కంపెనీ అనుబంధ సంస్థ వాటిలోని కోపాన్ని టీవీ చర్చలకి సరఫరా చేస్తుంది. శుద్ధికి ఒప్పుకోకపోతే మాత్రం సరుకు వెనక్కి తీసుకెళ్ళాల్సి వస్తుంది.

"నా కోపం తీసేస్తే నాలో ఏం మిగులుద్దండీ?" అని అడిగింది నూకరత్నం.

"శాంతమమ్మా."

ఆవిడ మొగుడి మొహం చూసింది. అతను చూపు నేలకి దించేశాడు. వద్దనాలని ఉంది, కానీ సరుకు పోతుందని భయం. "సరే, కానివ్వండి. ఈయన రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు" అంది నూకరత్నం.

ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. చుట్టూ ప్యాకెట్లు పేర్చారు. ముందే ఆవిణ్ణి అడిగి రాసుకున్నవి త్రివిక్రమరావు ఒక్కొక్కటే గుర్తు చేస్తూ పోయాడు. కుళాయి. రేషన్ కొట్టు. అత్తగారు పురిటిరోజుల్లో అన్న మాట. పుట్టింటి కొబ్బరితోట అన్నయ్య రాయించేసుకున్న సంగతి. కొబ్బరితోట దగ్గర ఒకేసారి వరసంతా ఉబ్బి, ఇద్దరు కూలీలు వాటిని బయటికి మోయలేక ఆయాసపడ్డారు. సాయంత్రమయ్యేసరికి తోట పేరెత్తినా ప్యాకెట్లు కదలడం మానేశాయి. నూకరత్నం లేచి కొంగు సర్దుకుని, "ఏమండీ, వీళ్ళకి కాఫీ పెట్టమంటారా?" అంది.

ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ మొగుణ్ణి అనుమతి అడగడం అదే మొదలు. సోమలింగానికి ఏడుపొచ్చినంత పనైంది.

వ్యాపారం బ్రహ్మాండంగా సాగింది. సోమలింగం ప్రతి కొట్టుకీ సరుకు వేస్తూ, కొట్టువాళ్ళకి జాగ్రత్తలు తనే నేర్పాడు. "ఎదురుగా ఏం జరిగినా చూడనట్టుండండి బాబూ. మనసు అటు పోయిందా, సరుకు పోయినట్టే." వాళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నారు. స్టేషన్ రోడ్డు నుంచి గాంధీ బొమ్మ సెంటరు దాకా అతని సరుకు పెట్టని కొట్టు లేదు. బజారులో కేకలు తగ్గాయని, బేరాలు కూడా గుసగుసగా సాగుతున్నాయని ఊరంతా మెచ్చుకున్నారు. వీధికి నీళ్ళు మాత్రం రావడం మానేశాయి. నూకరత్నం నవ్వుతూ పక్కవీధి నుంచి బిందెలు మోసుకొచ్చేది.

ఇంట్లో ఆ నిశ్శబ్దం సోమలింగాన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒకరోజు కావాలనే "పులుసు నీళ్ళలా ఉంది" అని కంచం నెట్టాడు. పాత నూకరత్నమైతే ఆ పులుసుగిన్నె అతని నెత్తిన బోర్లించేది. "రేపు బాగా చేస్తానండీ" అందీవిడ. అతను కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంకోరోజు టీవీ చర్చలో ఒకాయన బల్ల గుద్దుతూ, "ఎవడబ్బ సొమ్మనుకున్నావురా!" అని లేచాడు. ఆ దబాయింపు, చివర్లో ఆ గొంతు చీరుకుపోవడం, అచ్చం నూకరత్నమే. ఆవిడ కూరగాయలు తరుగుతూ చూసి, "పాపం, ఎందుకో అంత కోపం" అంది.

సోమలింగం చాటుగా త్రివిక్రమరావుకి ఫోన్ చేశాడు. "అయ్యా, కొంచెమైనా తిరిగి ఇప్పిస్తారా? ఇంట్లో వాడుకకే."

"ఎక్కడిదండీ, ఎప్పుడో పంపేశాం. చాలా మంచి రకమని చానెలువాళ్ళు తెగ మెచ్చుకున్నారు" అన్నాడు త్రివిక్రమరావు. వచ్చేవారం గోడౌను తనిఖీ ఉందని కూడా గుర్తుచేశాడు.

తనిఖీ రేపనగా, సాయంత్రం కాలేజీ నుంచి హారిక వచ్చింది. చున్నీ చిరిగింది, మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది. గాంధీ బొమ్మ సెంటర్లో బండి మీద ఇద్దరు చున్నీ పట్టుకుని లాగారనీ, పడిపోతే నవ్వుతూ మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చారనీ వెక్కుతూ చెప్పింది.

నూకరత్నం గాయం కడిగి పసుపు అద్దింది. "పోనీలేమ్మా. రేపట్నించి ఇంకో దారిన వెళ్ళు."

"అమ్మా, బండి నంబరు చూశాను. నువ్వు రా అమ్మా. నువ్వొస్తే చాలు."

"ఎందుకమ్మా గొడవ" అంది తల్లి, ప్రేమగా తల నిమురుతూ.

హారిక తండ్రి వైపు తిరిగింది. "అందరూ చూశారు నాన్నా. మందుల కొట్టాయనా, కిరాణా ఆయనా అందరూ అక్కడే ఉన్నారు. తలలొంచుకుని వాళ్ళ వాళ్ళ సరుకు తడుముకుంటున్నారు. ఒక్కరూ ఏరా అనలేదు."

సోమలింగానికి కడుపులోంచి ఏదో వేడిగా పైకి తన్నుకొచ్చింది. అది భయం కాదని అతనికి తెలుసు, భయం అతనికి బాగా అలవాటే. పిడికిళ్ళు బిగించి లేచాడు. ముందుగదిలో ఒక పెట్టె కరకరలాడింది. రేపటి తనిఖీ గుర్తొచ్చింది. సరుకు పోతే ఇల్లు గడిచేదెలా, ఈ పిల్ల చదువేం కావాలి అనిపించింది. మెల్లిగా మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు తాగాడు. కరకర ఆగిపోయింది.

హారిక ఆ చప్పుడూ వింది, తండ్రి కూర్చోవడమూ చూసింది. ఇంకేమీ అనకుండా ముందుగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి పెట్టెలు పగిలే చప్పుడు చాలాసేపు వచ్చింది. సోమలింగం తలుపు దాకా వెళ్ళాడు, తట్టలేకపోయాడు. ప్రాణం కొట్టుకుంటోంది. పిల్ల కోసమో సరుకు కోసమో అతనికే తెలియలేదు.

తలుపు తీసుకుని హారిక బయటికొచ్చింది. చేతుల నిండా ఉబ్బిన ప్యాకెట్లు. కళ్ళల్లో తడి ఆరిపోయింది, మొహం తేటగా, వాళ్ళమ్మ మొహంలాగే ఉంది.

"ఇవి రిటర్నులో రాసుకోండి నాన్నా. మిగతావన్నీ చూశాను, బాగానే ఉన్నాయి." తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా, అన్నంలోకి ఏం చేశావు?" అంది.

సోమలింగం హమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. లోపలికెళ్ళి తన పుణ్యాన సగం ఉబ్బిన ప్యాకెట్టుని వెతికి తెచ్చి, కూతురి ప్యాకెట్ల మధ్య పెట్టి, అన్నిటికీ ఒకే రిటర్ను చీటీ అంటించాడు. ఆపైన ముగ్గురూ కూర్చుని అన్నం తిన్నారు.