చెవిలో దూరిన బేరం

ఆ ఉదయం డ్రాయింగ్ మాస్టారు రెండు పనులు పెట్టుకున్నారు. మొదటిది గడ్డం గీసుకోవడం. రెండోది, తనను పెళ్ళి చేసుకుంటారా అని లైబ్రేరియన్ గారిని అడగడం. మొదటిది గాటు పడకుండా పూర్తయింది. అదే మంచి శకునమనుకున్నారు.

మాస్టారు రిటైరై చాలా కాలమైంది. భార్య పోయాక కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళడం, బొమ్మల పత్రిక తిరగెయ్యడం, భోజనం వేళకు ఇల్లు చేరడం ఆయన దినచర్య. ఆ పత్రిక ఇంకెవరి చేతిలోనూ పడకుండా కౌంటరు కింద దాచి ఉంచేవారు లైబ్రేరియన్ గారు. ఆవిడ ఒంటరి మనిషి. నెరిసిన జుట్టును చెవుల మీదుగా దువ్వి ముడి వేసుకునేవారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగరు.

మాస్టారికి చెవులు సరిగా వినపడవు. ఆ మాట మాత్రం ఒప్పుకునేవారు కాదు. ఈ మధ్య లోకమంతా గొణుగుతోందని ఆయన వాదన. ఒకరోజు ఆవిడ కౌంటరు అవతలి నుంచి ఏదో చెప్పారు. మాస్టారు అలవాటు చొప్పున నవ్వి, "చాలా సంతోషమండీ" అన్నారు. ఆవిడ తలాడించి ఊరుకున్నారు. ఆవిడ చెప్పింది వాళ్ళక్కయ్య పోయిన కబురని తర్వాత, రోజూ లైబ్రరీకి వచ్చే ప్లీడరు గారి ద్వారా తెలిసింది. ఆ పూట మాస్టారికి అన్నం సహించలేదు. మర్నాడు బిక్కుబిక్కుమంటూ వెళ్తే, ఆవిడ ఏమీ జరగనట్టే పత్రిక తీసి చేతికిచ్చారు. అంత మాటన్నా మనసులో పెట్టుకోని మనిషి ఉంటుందా అని మాస్టారు కరిగిపోయారు. ఆ కరగడం ఇంకా ఆగలేదు.

కూతురు ఎన్నాళ్ళ నుంచో పోరుతున్న చెవి మిషను ఆ తర్వాతే కొనుక్కున్నారు. చింతగింజంత ఉంటుంది. ఫోనుతో కలిసి పనిచేస్తుంది. పెట్టుకున్న మొదటి రోజు కిటికీలో పిచ్చుకలు వినపడి ఆయన కళ్ళు చెమర్చాయి. వంటింట్లో అల్లుడు తన గురించి ఏమంటాడో కూడా వినపడింది గానీ, పిచ్చుకల మొహం చూసి భరించారు.

కూతురికి తన ఉద్దేశం ముందు రోజే చెప్పారు. ఆమె, "వెళ్ళి అడగండి నాన్నా. కాదన్నా ఇప్పుడు స్పష్టంగా వినపడుతుంది కదా" అంది.

తీరా గడప దాటబోతుంటే ఫోనులో మిషను కంపెనీ వాళ్ళ సందేశం వచ్చింది. కొన్నవాళ్ళకు ఇచ్చిన తొలి గడువు ముగిసింది, ఇక మీదట నెలనెలా చందా కట్టవచ్చు, లేదంటే ఉచితంగా వాడుకోవచ్చు అని దాని సారాంశం. సొమ్ము పోసి కొన్న వస్తువుకు మళ్ళీ చందా ఏమిటని మాస్టారు 'ఉచితం' మీద వేలు నొక్కారు. దాని కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంది. కళ్ళజోడు జేబులోనే ఉంది. కానీ పెళ్ళి మాట అడగబోయే మనిషి చీమ తలకాయలు చదువుతూ కూర్చుంటాడా?

సందు నిర్మానుష్యంగా ఉంది. నాలుగడుగులు వేశారో లేదో, "మీ మోకాళ్ళు మిమ్మల్ని బతిమాలుతున్నాయా?" అని తేనె పూసిన గొంతుతో ఎవరో ఆడమనిషి అడిగింది. మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. ఒక ఇంటి మెట్ల మీద పిల్లి తప్ప ఎవరూ లేరు. బాగానే ఉన్నాయమ్మా అని గాలికి మర్యాదగా జవాబు చెప్పి ముందుకు కదిలారు. ఆ గొంతు ఒక నూనె పేరు చెప్పి గుణగణాలు వర్ణించేసరికి, ఉచితమంటే ఏమిటో ఆయనకు బోధపడింది. పెద్ద రోడ్డు ఎక్కగానే బస్సుల రొదలో గొంతు ఆగిపోయింది. పీడ విరగడైందనుకున్నారు.

లైబ్రరీలో ఫ్యాను కూడా చప్పుడు చెయ్యదు. కిటికీ పక్కన ప్లీడరు గారు పేపరు చదువుతున్నారు. కోర్టు ఉన్నా లేకపోయినా ఆయన అక్కడే ఉంటారు. లైబ్రేరియన్ గారు పుస్తకాలకు అట్టలు వేస్తున్నారు. మాస్టారు కౌంటరు దగ్గరికి వెళ్ళి, మీతో ఒక మాట చెప్పాలని వచ్చానన్నారు. ఆవిడ కత్తెర పక్కన పెట్టి తలెత్తారు. గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం.

"రాత్రంతా పక్క మీద పొర్లుతున్నారా?" అంది చెవిలో గొంతు.

"లేదండీ, నాకు నిద్ర బాగానే పడుతుంది" అన్నారు మాస్టారు, నోరు జారి.

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక అయోమయంగా చూశారు. తర్వాత, "మా ఇంట్లో బొద్దింకలు లేవండీ" అన్నారు.

మాస్టారు నివ్వెరపోయారు. ఆలోచించగా ఆ మాటలో ఆయనకు గొప్ప అర్థం కనిపించింది. తాను వచ్చిన పని ఆవిడ కనిపెట్టేశారు. ఇల్లు శుభ్రంగా ఉంది, రావచ్చు అని సూచిస్తున్నారు. ఇంతటి సూక్ష్మగ్రాహి ముందు డొంకతిరుగుడు దేనికని, అద్దం ముందు వల్లె వేసుకున్న ముక్క అప్పజెప్పేశారు.

"మనిద్దరం ఇక మీదట ఒకే ఇంట్లో ఉంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. పెళ్ళి చేసుకునే అంటున్నాను. మీకు ఇష్టమైతేనే."

ఆవిడ చేతిలోని అట్ట ముక్క కౌంటరు మీద పడింది. మళ్ళీ అదే నిశ్శబ్దం. ఆవిడ పెదవులు మెల్లగా కదిలాయి. సరిగ్గా అప్పుడే చెవిలో, "మెత్తని డబుల్ కాట్ పరుపు, నచ్చకపోతే వాపసు" అని గొంతు ఎత్తుకుంది. ఆవిడ అన్న మాట ఆ పరుపు కింద నలిగిపోయింది.

"నోరు ముయ్యి" అన్నారు మాస్టారు, పళ్ళు కొరుకుతూ.

ఆవిడ ముఖం పాలిపోయింది. ప్లీడరు గారు పేపరు దించి, తాను పెదవి కూడా విప్పలేదని నొచ్చుకున్నారు. మిమ్మల్ని కాదండీ అని మాస్టారు ఆయన వైపు తిరిగారు. అయితే నన్నా అన్నట్టు ఆవిడ చూశారు. అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు చెప్పుకోలేక ఆయన గొంతు పెరిగింది. ఇది లైబ్రరీ, కాస్త నెమ్మదిగా అని ప్లీడరు గారు మందలించారు. "పంపమంటారా? సరే అంటే చాలు" అని, హాలు సద్దుమణగడమే ఆలస్యంగా, చెవిలో గొంతు అడిగింది.

"సరే, సరే" అన్నారు మాస్టారు ప్లీడరు గారితో.

"ధన్యవాదాలు" అంది గొంతు.

మాస్టారు మిషను పీకి జేబులో పడేసుకున్నారు. లోకం ఈసారి గొణగడం కూడా మానేసి పూర్తిగా మౌనం దాల్చింది. ఆవిడ ఏదో అని, బీరువాల మధ్యకు వెళ్ళిపోయారు. మాస్టారు బల్ల దగ్గర కూలబడ్డారు. ముందున్న పత్రిక తలకిందులుగా ఉందని కూడా ఆయనకు తెలియలేదు. ఈ వయసులో ఒక మనిషి తన కోసం పత్రిక దాచిపెట్టడమే ఎక్కువ, అది కూడా చేజేతులా పోగొట్టుకున్నానే అని కుమిలిపోయారు.

ఆ ఆర్డరు పక్క వీధిలోని గోదాముకే వెళ్ళింది. ఫోను ఎక్కడుంటే సరుకు అక్కడికే వస్తుంది. కాసేపటికి ఇద్దరు మనుషులు పరుపు మోసుకొచ్చి, లైబ్రరీ తలుపులో ఇరికించారు. మాస్టారి డబుల్ కాట్ పరుపు వచ్చిందని పెద్దగా కేకేశారు. హాల్లో అది వినపడనిది ఒక్క మాస్టారికే. ప్లీడరు గారు కళ్ళజోడు సవరించుకుని, "అడిగి అరగంట కాలేదు, అప్పుడే పరుపా" అన్నారు. చప్పుడుకు లైబ్రేరియన్ గారు బయటికొచ్చి పరుపును చూశారు, మాస్టారిని చూశారు. ఆ చూపు అర్థం కావడానికి చెవులతో పని లేదు. మాస్టారు లేచి రెండు చేతులూ ఊపుతూ, ఇది నాది కాదు, నేను అలాంటివాణ్ణి కాదు అంటుంటే ఇంకా నమ్మశక్యం కాకుండా పోయింది.

ఇంతలో పరుపు కింద నుంచి వంగి కూతురు లోపలికొచ్చింది. మిషను కొన్నప్పుడు ఇచ్చిన నంబరు ఆమెదే కావడంతో, డబుల్ కాట్ పరుపు లైబ్రరీకి బయల్దేరిందని ఆమె ఫోనుకు కబురు అందింది. డబుల్ కాట్ అంటే ఇక చెప్పేదేముంది, కార్యం పండిందని పరుగెత్తుకొచ్చింది. నేరుగా వెళ్ళి లైబ్రేరియన్ గారి చేతులు పట్టుకుని, "నాన్న చాదస్తం కాస్త భరించండి, మనిషి మంచివారు" అంది.

ఆవిడ చేతులు విడిపించుకునేలోపు పరుపు అవతల ఇంకెవరో అరవడం మొదలుపెట్టారు. తన దగ్గరా ఒక పార్సిలుందని, దారిస్తే ఇచ్చి పోతానని అతని గోల. చివరికి పరుపు మీదుగా ఒక పెట్టె చేతులు మారి కౌంటరు చేరింది. లైబ్రేరియన్ గారి పేరు మీద వచ్చింది. కూతురు విప్పి చూస్తే నిండా బొద్దింకల మందు.

లైబ్రేరియన్ గారు కుర్చీలో కూర్చున్నారు. చెవి మీది జుట్టు పక్కకు తీసి, చింతగింజంత మిషను బయటికి తీసి కౌంటరు మీద పెట్టారు. చాలా ఏళ్ళుగా తనకూ వినపడదని, లైబ్రరీలో అందరూ గుసగుసలే కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదని చెప్పారు. మొన్న మొన్ననే కొన్నానని, ఉచితం అంటే తానూ నొక్కానని ఒప్పుకున్నారు. తర్వాత ఆ మందు పెట్టె వంక చూస్తూ నెమ్మదిగా, "నేను సరే అన్నది దీనికి కాదు" అన్నారు.

ప్లీడరు గారు, కూతురు, పరుపు మోసేవాళ్ళు ఒక్కసారిగా మాస్టారి వైపు తిరిగారు.

"ఏమన్నారు?" అన్నారు మాస్టారు.

కూతురు నెత్తి కొట్టుకుని, ముందు ఆ మిషను పెట్టుకోమని సైగ చేసింది. ఆయన పెట్టుకున్నారు. ఆవిడా పెట్టుకున్నారు. ఆవిడ మళ్ళీ చెప్పడం కోసం అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దం చూసుకుని ఆయన చెవిలో దిండ్లు, ఆవిడ చెవిలో దోమతెరలు మొదలయ్యాయి. ఇద్దరూ ఒకేసారి మిషన్లు పీకేశారు.

కూతురు తండ్రి ఫోను లాక్కుని చీమ తలకాయలు చదివింది. మాటలకు అడ్డం రాకూడదని, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ప్రకటనలు వేస్తారట. పోనీ చందా నేను కట్టేస్తాను నాన్నా అని ఆమె బిగ్గరగా అరిచి చెప్పింది. "నా చెవులకి నేనే అద్దె కట్టుకోవాలా?" అని మాస్టారు అంతకంటే బిగ్గరగా అరిచారు. ఆ మాట నచ్చి లైబ్రేరియన్ గారు మొదటిసారి పైకి నవ్వారు. కౌంటరు తాళం ప్లీడరు గారి చేతిలో పెట్టి, పదండి అన్నట్టు మాస్టారికి తలుపు చూపించారు.

పరుపు కింద నుంచి దూరి ఇద్దరూ పెద్ద రోడ్డు మీదికి వెళ్ళారు. కూడలిలో రోడ్డు తవ్వే మిషను పళ్ళు కదిలేలా మోగుతోంది. బస్సులు హారన్లు కొడుతున్నాయి. వెళ్ళి సరిగ్గా ఆ మిషను పక్కనే నిలబడి, చెవుల్లో చింతగింజలు పెట్టుకున్నారు. తేనె గొంతు కిక్కురుమనలేదు. మాస్టారు మళ్ళీ అడిగారు. ఆవిడ తన జీవితంలో ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తి, "సరే అన్నాను కదండీ" అని అరిచారు. తవ్వేవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

పెళ్ళయింది. ఆవిడ ఇంట్లో కాపురం. అందరి ఇళ్ళలోలాగే అక్కడా తగాదాలొస్తాయి. కానీ అలిగి మాటలు మానేస్తే ఇల్లు నిశ్శబ్దమై, ఇద్దరి చెవుల్లోనూ బేరాలు మొదలవుతాయి. అది పడలేక ఎవరో ఒకరు ముందు నోరు విప్పేస్తారు. కాబట్టి ఎంత పెద్ద తగాదా అయినా కాఫీ చల్లారేలోపు తీరిపోతుంది.

ఈ రహస్యం ఇంతవరకు ఆ ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. కంపెనీ వాళ్ళకు తెలిస్తే దానికీ చందా అడుగుతారు.