ఎర్నమ్మకు అరవై వాట్లు

గుమ్మలపాలెం విద్యుత్ భవనంలో గదిగదికీ సెన్సర్లు బిగించిన మూడో రోజున, రికార్డు గదిలో అటెండర్ ఎర్నమ్మ దుఃఖం అరవై వాట్ల కరెంటు లాగుతోందని తేలింది. ముందు ఎవరూ నమ్మలేదు. దుఃఖం కరెంటు లాగడం గురించి కాదు, అంత చిన్న గదికి అరవై ఏమిటని వాళ్ళ అనుమానం. ఇంజనీర్లు ఫ్యాను ఆపారు, లైటు తీశారు, స్విచ్చి బోర్డు విప్పి లోపల ఊది చూశారు. అంకె కదల్లేదు. ఎర్నమ్మ టీ తాగడానికి క్యాంటీన్‌కి వెళ్ళగానే రికార్డు గది సున్నాకి పడిపోయింది, క్యాంటీన్ అరవై పెరిగింది. వైరింగులో లోపం లేదని కాగితం రాసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఎర్నమ్మ భర్త పైడిరాజు లైన్‌మన్‌గా చేసేవాడు. రెండేళ్ళ కిందట తుఫాను వెలిసిన మర్నాడు స్తంభమెక్కి, ఊరికి కరెంటిచ్చి, తాను మాత్రం దిగలేదు. కారుణ్య నియామకం కింద భార్యకి రికార్డు గదిలో ఒక స్టూలు దొరికింది. ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ పాత ఫైళ్ళకి ఎర్ర తాళ్ళు కట్టేది. ఏడ్చి ఎవరినీ ఇబ్బంది పెట్టిన మనిషి కాదు. లోపల ఏం జరుగుతోందో సెన్సరు పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు.

భవనం పెద్ద పాత్రుడు గారు ఆవిణ్ణి పిలిపించారు. ఆయనకి ఆ ఏడు గుమ్మానికి ‘ఆదర్శ పొదుపు భవనం’ అనే ఇత్తడి పలక కొట్టించుకోవాలని గొప్ప ఆశ. మనిషి మంచివాడే, కుర్చీ చూపించి మరీ మాట్లాడారు.

“బాధపడొద్దని నేననను అమ్మా. మనిషికి పదిహేను వాట్ల దాకా అనుమతి ఉంది. అందులో సర్దుకోండి.”

“పదేను ఏ మూలకి సారూ?”

“అలాగని సున్నా చేసేయకండి. మీది కారుణ్య నియామకం. బాధ లేదని రికార్డయితే కారుణ్యానికి ఆధారం పోతుంది, ఉద్యోగం కూడా దాంతోనే పోతుంది.”

ఎర్నమ్మ కుర్చీలోంచి లేచింది. “ఆయన్ని నేను తగ్గించను సారూ. అరవయ్యీ నాకు కావాల. దానికి ఏ కాయితం రాయాలో సెప్పండి.”

ఇలా అడిగిన వాళ్ళు అంతకుముందు లేరు కాబట్టి కాగితం కూడా లేదు. పెద్దాఫీసు నుంచి ముగ్గురు వచ్చి, ఒక పూటంతా ఎర్నమ్మని పైడిరాజు జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా తలుచుకోమని, లెక్క రాసుకున్నారు. స్తంభమెక్కే ముందు ఫోనులో “అన్నం వార్చియ్, వచ్చేస్తన్నాను” అన్న మాటకి పాతిక. ముఖానికి ఇరవై. వీధి మలుపులో ఆయన వేసే ఈలకి, అంటే ఆ ఈల వినగానే ఈవిడ కంచం పెట్టేదట, దానికి పదిహేను. మొత్తం అరవై సరిపోయింది, దొంగ వాడకం ఏమీ లేదు. డ్రైవర్ గవరయ్య అలవాటుగా ఈల వేస్తూ మెట్లెక్కినప్పుడల్లా ఆవిడ తలుపువైపు తిరగడం, అంకె ఎగిరిపడడం కూడా చూసి నమోదు చేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మంజూరు చేయడానికి అభ్యంతరం లేదు గాని, భవనం మొత్తం మీద ఒక్క వాటు పెరగకూడదన్నారు. కావాలంటే తోటివాళ్ళ వాటాలో వాడుకోని బాధని ఆవిడ పేర రాయించుకోవచ్చునట. ఎర్నమ్మ పట్టిన పట్టు విడిచే రకం కాదు. పన్నెండు రోజులు, భోజనాల గంట కొట్టగానే, కాగితం పట్టుకుని బల్లబల్లకీ తిరిగింది. గవరయ్య ఇచ్చాడు. టైపిస్టు ఇచ్చింది. మూడోవాడు గుమస్తా సన్యాసినాయుడు, నవ్వుతూ సంతకం పెట్టాడు.

“తీసుకో అప్పా. నాకేటి ఏడుపు? మాయమ్మ గుండ్రాయిలాగుంది.”

ఎర్నమ్మకి అరవై వాట్లు మంజూరయ్యాయి. స్టూలు పక్కన గోడకి ఆవిడ పేరుతో చిన్న మీటరు బిగించారు. ఆ రోజు ఆవిడ మొగుడి కోసం మొదటిసారి దర్జాగా, ఎవరికీ భయపడకుండా ఏడ్చింది.

ఆషాఢంలో సన్యాసినాయుడి తల్లి పోయింది. పదకొండు రోజుల సెలవు ముగించుకుని, గుండుతో వచ్చి, ఫైలు విప్పి రాసుకోసాగాడు. అతని గదిలో సెన్సరు సున్నా చూపించింది. మధ్యాహ్నం రికార్డు గదికి వచ్చి నిలబడ్డాడు.

“కట్టెకి నిప్పెడతన్నా ఏడుపు రానేదప్పా. సుట్టాలందరూ నన్నే సూసినారు. అమ్మ మొహం తలుసుకుంటే మొహం కనబడతంది, అంతే. ఇంకేటీ నేదు.”

“నా దగ్గరున్నది నీదే కదరా తమ్ముడా,” అంది ఎర్నమ్మ. ఆవిడ గోడ మీది మీటరు వైపు చూసింది, అది అరవై చూపిస్తోంది.

ఇద్దరూ పాత్రుడు గారి దగ్గరికి వెళ్ళారు. బదలాయింపుకి ఇబ్బంది లేదు గాని, ఒకటో తారీఖు నుంచే అమలవుతుందన్నారు. అప్పటికి నెల మాసికం కూడా అయిపోతుంది. సన్యాసినాయుడు జేబులోంచి డైరీ తీసి ఆ తారీఖు దగ్గర ‘అమ్మ’ అని రాసుకున్నాడు. “పరవానేదు సార్, అప్పుడే ఏడుస్తాను,” అన్నాడు.

ఫారంలో ‘తగ్గించదలచిన అంశం’ అని ఒక గడి ఉంది. ఎర్నమ్మ దాని ముందు రెండు రోజులు కూర్చుంది. ముఖం ఇవ్వలేదు. ఆ ఆఖరి మాట ఇవ్వడానికి చెయ్యి రాలేదు. చివరికి వంకర అక్షరాలతో ‘ఈల’ అని రాసి, తేదీ వేసి, తనే తీసుకెళ్ళి పాత్రుడు గారి బల్ల మీద పెట్టి వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు.

ఒకటో తారీఖున సన్యాసినాయుడు పదిన్నరకి కుర్చీలో వెనక్కి వాలి తల్లి కోసం వెక్కివెక్కి ఏడ్చాడు. సరిగ్గా పదిహేను వాట్లు. పక్కవాళ్ళు మంచినీళ్ళిచ్చారు. గుమ్మం దగ్గర మేస్త్రీ ఇత్తడి పలకకి మేకులు కొడుతున్నాడు. పన్నెండింటికి గవరయ్య ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు, రికార్డు గది ముందుకి రాగానే గుర్తొచ్చి ఆగిపోయాడు.

“ఏటి గవరయ్యా, కాయితాలేమైనా ఉన్నాయా?” అంది ఎర్నమ్మ. తల ఎత్తలేదు, ఫైలుకి తాడు బిగిస్తోంది. గోడ మీద మీటరు నలభై అయిదు చూపిస్తోంది. ఆ నెల భవనం మొత్తం వాడకంలో తేడా ఏమీ రాలేదు.