మూడో పీరియడ్‌లో ప్రజాస్వామ్యం

"వచ్చే శుక్రవారం మూడో పీరియడ్‌లో మన పాఠశాలలో ప్రజాస్వామ్యాన్ని ప్రవేశపెడుతున్నాం" అని ప్రిన్సిపాల్ తోకుమిత్సుగారు ఉదయం ప్రార్థన కాగానే ప్రకటించారు. ఆయన పక్కనున్న బౌద్ధాలయానికి ప్రధానార్చకులు కూడా. అందుచేత ప్రకటన చివర అలవాటుకొద్దీ గంట కొట్టారు. మేమూ అలవాటుకొద్దీ చేతులు జోడించాం.

మా హైస్కూల్లో నేను వ్యాయామం మాస్టర్ని. పేరు నెమోతో. సోషల్ చెప్పేది కురామోచి సెన్సే. మా భాషలో సెన్సే అంటే టీచరుగారు. ఏటేటా ఒప్పందం పొడిగిస్తేనే ఆవిడ ఉద్యోగం నిలిచేది. ఈసారి పొడిగింపు ఈ నమూనా ఎన్నిక పాఠాన్ని బట్టే ఉంటుందని వైస్ ప్రిన్సిపాల్ కుబోకిగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. పాఠం చూడ్డానికి ప్రాంతీయ అసెంబ్లీ సభ్యుడు ఇసోగాయ్‌గారు వస్తున్నారు. మా పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షులు, వరసగా అయిదుసార్లు గెలిచిన మహానుభావులు. ఆయన తలూపితే ఆవిడ ఉద్యోగం ఉంటుంది, ఆవులిస్తే ఊడుతుంది.

పద్దెనిమిది నిండగానే పిల్లలకు ఓటు వస్తుంది కదా, ఈలోగా ఎంచుకోవడం నేర్పాలని కురామోచి సెన్సే ఆశ. పాపం, రాత్రనక పగలనక కూర్చుని మూడు ఉత్తుత్తి పార్టీలు తయారుచేశారు. ఒకటి సాయంత్రం బస్సు మళ్లీ నడపాలంటుంది. ఒకటి ఆస్పత్రిలో కాన్పుల వార్డు తెరవాలంటుంది. మూడోది సందుల్లో మంచు తీయించాలంటుంది.

కుబోకిగారు అది చదివి చెమట తుడుచుకున్నారు. అప్పుడు డిసెంబరు నెల.

"బస్సు ఆపింది అసెంబ్లీయే కదమ్మా! ఇది విమర్శ అవుతుంది. పాఠం తటస్థంగా ఉండాలి."

"సరేనండీ, బస్సు తీసేస్తాను. మంచు ఉంచుకోవచ్చా?"

"మంచు తీయిస్తానని ఇసోగాయ్‌గారే అంటుంటారు. అది ప్రచారం అవుతుంది."

"పోనీ ఆస్పత్రి?"

"బాగుందంటే పొగడ్త, బాగోలేదంటే తిట్టు. అసలు ఆస్పత్రి ఊసెందుకు మనకి? అందరం ఆరోగ్యంగానే ఉన్నాంగా!"

ఆ తర్వాత రంగులు పోయాయి. ఏ రంగు చూసినా ఏదో ఒక పార్టీ వాడేసుకుంది. ఆ తర్వాత పోటీలోంచి పిల్లలూ పోయారు.

"మియోరి నిలబడతానంటోందండీ. చురుకైన పిల్ల" అన్నారు కురామోచి సెన్సే.

"దానికింకా పద్దెనిమిది నిండలేదు. ప్రచారం చేస్తే నేరం."

"ఇది ఉత్తుత్తి ఎన్నికండీ!"

"అయితే ఉత్తుత్తి నేరం. మా పాఠశాలలో ఏ నేరమూ జరగడానికి వీల్లేదు."

కాబట్టి నేనూ, లైబ్రేరియన్‌గారూ, సంగీతం మాస్టారూ అభ్యర్థులమయ్యాం. పార్టీ లేదు, రంగు లేదు, విధానం లేదు. మరి ఏం మాట్లాడాలి? ఈ చిక్కుముడి ప్రిన్సిపాల్‌గారు విప్పారు.

"మన సంప్రదాయం ఏం చెబుతుంది? అమిదా బుద్ధుడి నామం నోరారా తలిస్తే చాలు, తక్కిన సాధనలేవీ అక్కర్లేదు. బుద్ధుడికే నామం చాలినప్పుడు అభ్యర్థికి చాలదా? పేరు చెప్పండి. మళ్లీ మళ్లీ చెప్పండి. అంతే."

ఇంత లోతైన మాట విని కుబోకిగారు కళ్లొత్తుకున్నారు. కురామోచి సెన్సే లేచి వరండాలోకి వెళ్లిపోయారు. నేనూ వెనకాలే వెళ్లాను.

"ఏడుస్తున్నారా సెన్సే?"

"లేదండీ, నవ్వొస్తోంది. అదే భయంగా ఉంది. నాకు ఈ ఉద్యోగం కావాలి, ఈ పాఠమూ కావాలి. రెండూ ఇచ్చేట్టు లేరు."

శుక్రవారం వచ్చింది. నగరపాలక కార్యాలయం వాళ్లు అసలైన బ్యాలెట్ పెట్టె అరువిచ్చారు. మా దేశంలో అభ్యర్థుల ఆనవాయితీ ప్రకారం మేం ముగ్గురం భుజం మీంచి పేర్లు రాసిన పట్టీలు, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్నాం. ముందుగా ఇసోగాయ్‌గారిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"ఇసోగాయ్! మీ ఇసోగాయ్ వచ్చాడు! ఈ బడి బిడ్డ ఇసోగాయ్! మీ అండ కోరుతున్న ఇసోగాయ్!"

అదే రెండు ముక్కలు చాలాసేపు మాట్లాడి కూర్చున్నారు. తర్వాత మేం అందుకున్నాం.

"నెమోతో! చివరి విన్నపం, నెమోతో!" అని నేను వంగి వంగి దండాలు పెడుతుంటే ఇసోగాయ్‌గారు ముగ్ధులైపోయారు.

"ఆహా, ఇదీ అసలైన ఎన్నికంటే! నేనూ అచ్చం ఇంతే. పొద్దున్నే తొడుగులేసుకుని బయల్దేరతాను. సాయంత్రం అయిదింటికల్లా గెలిచేస్తాను!"

అంతలో వెనక బెంచీ నుంచి మియోరి లేచి నన్నడిగింది. "గెలిస్తే ఏం చేస్తారు సెన్సే?"

ఎవరూ అడగరనుకున్న ప్రశ్న కావడంతో నోరు జారాను. "చలికాలం పరుగు పందెం రద్దు చేస్తాను."

కుబోకిగారు నా వంక మింగేసేలా చూశారు. ఎన్నికల్లో వాగ్దానమా! కురామోచి సెన్సే మాత్రం ఆ వారంలో మొదటిసారి హాయిగా నవ్వారు.

మా దేశంలో ఓటు చీటీ మీద గుర్తులుండవు, అభ్యర్థి పేరు చేత్తో రాయాలి. పిల్లలు బుద్ధిగా రాసి పెట్టెలో వేశారు. కురామోచి సెన్సే విప్పి చదవడం మొదలుపెట్టారు.

"ఇసోగాయ్." ఆవిడ ఇంకో చీటీ విప్పారు. "ఇసోగాయ్. ఇది కూడా... ఇసోగాయ్."

పిల్లల తప్పేముంది? పేరే ముఖ్యమన్నాం, ఎక్కువగా వినబడ్డ పేరు రాశారు. నాకొక్క ఓటు పడింది. మియోరికి పరుగంటే పడదు.

"కొంప ముంచారు! తటస్థ పాఠంలో అసలు నాయకుడికి ఓట్లా! కురామోచి సెన్సే, ఇక మీ ఒప్పందం..." అంటూ కుబోకిగారు గోడ పట్టుకున్నారు.

ఇసోగాయ్‌గారు లేచి మెల్లగా బల్ల దగ్గరికి వచ్చారు. ఒక్కో చీటీ తీసి చూసుకుంటున్నారు.

"ఇంతకు ముందు మీకు ఎన్ని ఓట్లొచ్చాయండీ?" అని అడిగింది మియోరి. దానికి ఊరుకోవడం చేతకాదు.

"ఇంతకు ముందా?"

"అయిదుసార్లు గెలిచారుగా!"

"నామినేషన్లు అయిదింటికి మూసేస్తారమ్మా. నాకెదురు ఎప్పుడూ ఎవరూ నిలబడలేదు. పోటీ లేకపోతే పోలింగ్ పెట్టరు." ఆయన చీటీలను గుండెలకు హత్తుకున్నారు. "ఇవే మొదటివి."

ఆయన భోరున ఏడ్చారు. చీటీలు జేబురుమాల్లో మూటగట్టుకుని వెళ్లారు.

సోమవారం ఆయన సిఫార్సుతో కుబోకిగారు కురామోచి సెన్సేకి ఒప్పందం పొడిగించారు. వాగ్దానం చేసినందుకు నన్ను మందలించారు. వచ్చే ఏడాది నుంచి నమూనా ఎన్నికలో ఒకే అభ్యర్థి ఉండాలని కూడా తీర్మానించారు. పోటీ లేదు కనక ఓటింగ్ ఉండదు. ఎటూ మొగ్గే ప్రసక్తే ఉండదు.

"మరి పిల్లలకు ఏం నేర్పమంటారండీ?" అన్నారు కురామోచి సెన్సే.

"ఉన్నదే నేర్పండి" అన్నారు కుబోకిగారు.

ఆవిడ ఆ ఒప్పందం కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర వేశారు. తర్వాత నా దగ్గరికొచ్చి వంగి అభినందనలు చెప్పారు. అనుభవముందని ఆ ఒక్క అభ్యర్థిగా నన్నే పెట్టారు. కనక వచ్చే డిసెంబరు ఎన్నికలో నేను ఇప్పటికే గెలిచాను.

పరుగు పందెం యథాప్రకారం జరుగుతుంది.