మూయడానికి తెరిచిన కాలేజీ

2011 అక్టోబర్ 11, మంగళవారం. సకల జనుల సమ్మె ఇరవై తొమ్మిదో రోజు. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు కోరుట్లలోని సెయింట్ కొలంబా ఆర్ట్స్ కాలేజీ తెరుచుకుంది. దాన్ని మూయించడం కోసం తెరిపించినవాడు విద్యార్థి జేఏసీ పట్టణ నాయకుడు శ్యాంసుందర్.

"తెలంగాణ వచ్చేదాకా కోరుట్లలో ఏ విద్యాసంస్థనూ నడవనివ్వం" అని ముందు రోజు అతను పత్రికా ప్రకటన ఇచ్చాడు. అప్పటికి కోరుట్లలో నడుస్తున్న విద్యాసంస్థ ఒక్కటీ లేదు.

వచ్చే ఆదివారం జగిత్యాలలో జేఏసీ డివిజన్ కమిటీ వేస్తున్నారు. అందులో పేరుండాలంటే ఏదో ఒకటి బంద్ పెట్టించినట్టు పేపర్ కటింగ్ చూపించాలి. సిరిసిల్లలో ఒకాయన మరమగ్గాల సాంచాలు బంద్ పెట్టించి అక్కడి కమిటీలోకి వచ్చాడు. డిపోలోంచి కదలని బస్సు ముందు పడుకున్నవాడి దగ్గర కూడా కటింగ్ ఉంది. శ్యాంసుందర్ దగ్గర లేదు.

ఊళ్లో మిగతా కాలేజీలన్నీ ఎవరో ఒకరి పేరిట మూతపడ్డాయి. సెయింట్ కొలంబాకు మాత్రం ప్రిన్సిపాల్ సిస్టర్ రోసిలీ సమ్మె మొదటి రోజే తాళం వేసి, పిల్లలను రిలే దీక్ష టెంటుకు పంపింది. దాన్ని మూయించిన ఘనత ఇంకా ఖాళీగా ఉంది.

చిన్న కాలేజీ. బీఏ ఒక్కటే. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం చెబుతారు. మూడు గదులు, లైబ్రరీ, ప్రార్థన గది, నలభై ఒక్క మంది విద్యార్థులు. నలభై ఒకటో నంబరు శ్యాంసుందర్‌ది. ఫైనలియర్. ఫస్టియర్‌లో చేరిన రోజు ఒక్కటే వచ్చాడు.

సోమవారం సాయంత్రం సిస్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆమె కేరళ నుంచి వచ్చి పాతికేళ్లయింది. ఇప్పుడు మాట్లాడేది కోరుట్ల తెలుగే.

"సిస్టర్, ఒక్క గంట తెరువుండ్రి. నేనొచ్చి బంద్ పెడుత."

"మూసే ఉన్నది గదా శ్యాంసుందరూ?"

"గందుకే తెరువుమంటున్న."

"తెరిచినట్టు యాక్టింగ్ చేసుడు మా దగ్గర ఉండది. అబద్ధమైతది. తెరిస్తె క్లాసు నడవాలె. నడవాలంటె పిల్లలు రావాలె."

"పిల్లలను నేను తోల్కొస్త సిస్టర్."

అక్కడినుంచి టెంటుకు వెళ్లాడు. అతని క్లాసు అమ్మాయి నౌషీన్ మెడలో దండతో దీక్షలో కూర్చుంది.

"నౌషీన్, పొద్దుగాల క్లాసుకు రావాలె."

"సమ్మెల క్లాసేంది? నిన్నటిదాంక క్లాసు మాట ఎత్తినోళ్లను తిట్టింది నువ్వే."

"క్లాసు కాదు, క్లాసు బంద్."

"బందే ఉన్నది."

"తెరుస్తెనే గదా బంద్ పెట్టేది! నోట్సు గూడ తెచ్చుకో. ఉత్తగ కూసుంటె ఫొటోల బాగుండది."

మంగళవారం పంతొమ్మిది మంది వచ్చారు. అందరూ నోట్సు తెచ్చారు. అటెండర్ సామేలు గేటు తీసి బెల్లు కొట్టాడు. ఫొటో తీయాల్సిన విలేకరి బాలకిషన్ ముత్యంపేట రాస్తారోకోకు వెళ్లి ఇంకా రాలేదు. పదింబావు దాకా ప్రహరీ వెనక నిలబడిన శ్యాంసుందర్ ఇక ఆగలేక, జెండా పట్టుకుని గదిలోకి దూసుకెళ్లాడు.

"జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అన్నారు పంతొమ్మిది మంది, కూర్చునే.

సిస్టర్ తలెత్తలేదు. హాజరు పిలుస్తోంది.

"నలభై."

"ప్రెజెంట్ సిస్టర్," అంది నౌషీన్.

"నలభై ఒకటి."

శ్యాంసుందర్ జెండాను ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

"ప్రెజెంట్ సిస్టర్."

"లేటైంది. కూసో."

మొదటి బెంచీలోనే ఖాళీ ఉంది. కూర్చున్నాడు. ఆ రోజు పాఠం కార్యకారణ సంబంధం. నౌషీన్ ఒక తెల్లకాగితం చింపి ఇచ్చింది. రాసుకున్నాడు. పది గంటల యాభై నిమిషాలకు కిటికీలోంచి కెమెరా మెరిసింది.

"సిస్టర్, ఇగ బంద్ పెట్టనా?"

"బెల్లు కొట్టినంక పెట్టు."

పదకొండుంబావుకు సామేలు బెల్లు కొట్టాడు. శ్యాంసుందర్ జెండా వెతుక్కుని లేచి "క్లాసులు బంద్!" అనేసరికి గదిలో సిస్టర్ తప్ప ఎవరూ లేరు. పిల్లలు టెంటుకు వెళ్లిపోయారు.

బుధవారం పేపర్లో ఫొటో వచ్చింది. కింద ఒక వాక్యం: "సమ్మె వేళ కోరుట్లలో తరగతులకు హాజరైన విద్యార్థులు. మొదటి బెంచీలో శ్రద్ధగా పాఠం రాసుకుంటున్న జేఏసీ నేత."

"బాలకిషనన్నా, నేను బంద్ పెట్టిన ఫొటో ఏది?"

"నేనొచ్చినప్పుడు నువ్వు రాసుకుంటున్నవు తమ్మీ. చూసిందే తీసిన."

ఆదివారం జగిత్యాలలో కమిటీ వేశారు. ఇరవై ఒక్క పేర్లు. శ్యాంసుందర్ పేరు లేదు.

సమ్మె ముగిశాక సెయింట్ కొలంబా నోటీసు బోర్డు మీద సిస్టర్ సంతకంతో ఒక కాగితం అంటించారు. సమ్మె కాలంలో పనిదినాలు: ఒకటి. నూరు శాతం హాజరైనవారు: ఇరవై మంది. ఇరవయ్యో పేరు శ్యాంసుందర్.